విరహ కవిత చేతికిస్తే ఎక్కడ మొదలుపెట్టాలి

పరీక్ష పేపర్లు దిద్దే రోజుల్లో కలలోకి కూడా వచ్చే వాక్యం ఒకటుంది: 'ఈ కవితలో కవి తన విరహ వేదనను హృద్యంగా ఆవిష్కరించాడు.' ప్రేమ పోయిందని ఎవరు ఏం రాసినా దీన్ని తెచ్చి అతికించొచ్చు. అన్ని తాళాలకూ పట్టే తాళంచెవి లాంటిది, దొంగకు తప్ప ఎవరికీ పనికిరాదు.

నేను తిరుపతిలో డిగ్రీ పిల్లలకు తెలుగు చెబుతాను. విఫల ప్రేమ మీద కవిత ఇచ్చి అర్థం రాయమంటే పిల్లలు రెండు రకాలుగా తప్పిపోతారు. కొందరు పై వాక్యం రాసి చేతులు దులుపుకుంటారు. మిగతావాళ్ళు కవితను వదిలేసి తమ కథ రాస్తారు. రెండో రకం మీద నాకు జాలి ఎక్కువ. అయినా మార్కులు వేయలేను.

సూత్రాలు వల్లెవేస్తే పని జరగదు కాబట్టి క్లాసు కోసం నేనే ఒక చిన్న కవిత కట్టాను. పేరు పెట్టకుండా జిరాక్సు తీయించి పంచాను. గొప్ప కవితేం కాదు, చెయ్యి తిప్పుకోవడానికి పనికొస్తుంది. మీరూ దీన్ని ముందు పెట్టుకోండి.

కోనేటి గట్టున మనం కూచున్న చోట
ఎవరిదో చెప్పుల జత.
మామిడి పూత రాలిన ఏడాది అది.
నీకు ఉత్తరం రాసుకున్నా,
పంపలేదు.
చిత్తూరు బస్సు కదిలింది.
కిటికీ పక్కన ఒక చెయ్యి.
వెళ్ళిపోయింది.
గుండు చేయించుకుంటే
జుట్టు మళ్ళీ వస్తుందట,
అమ్మ చెప్పింది.
మేము బాగున్నాం.
ఈసారి పూతకు
వచ్చినా

ముందు పైకి చదవండి, తర్వాత చేత్తో రాయండి

పెన్ను పక్కన పెట్టి మూడుసార్లు పైకి చదవండి. తర్వాత కవిత మొత్తం మీ చేత్తో నోటుబుక్కులోకి ఎక్కించండి. ఫోనులో ఫొటో తీసుకుంటే లాభం లేదు. చేత్తో రాస్తున్నప్పుడే, ఇందులో ప్రేమ అన్న మాట లేదని, కన్నీళ్ళు లేవని, గుండె అసలే లేదని తెలిసొస్తుంది. చదివేటప్పుడు అవన్నీ ఉన్నట్టే అనిపిస్తాయి. చివర చుక్క లేదన్నదీ రాస్తేనే కనబడుతుంది. దాని సంగతి తర్వాత.

రాస్తున్నప్పుడు మీ పాత జ్ఞాపకం ఏదైనా తన్నుకొస్తే ఆపుకోకండి. వేరే కాగితం తీసుకుని అందులో రాసి మడిచి పెట్టేయండి. నేను హాస్యానికి చెప్పడం లేదు. ఒక కుర్రాడు ఈ కవితలోని అమ్మాయి 'డబ్బున్న సంబంధం చూసుకుని పోయింది' అని నాలుగు పేజీలు రాశాడు. కవితలో డబ్బు లేదు, సంబంధం లేదు, ఆ మాటకొస్తే అమ్మాయి కూడా ఉందో లేదో తెలియదు. వాడికి ఆ వేరే కాగితం ఇచ్చి ఉండాల్సింది.

ప్రతి క్రియకూ కర్తను వెతకండి

అన్నిటికంటే ఎక్కువ పని ఇక్కడే. తెలుగులో కర్త చెప్పకుండానే వాక్యం నడిచిపోతుంది, ఎవరి పనో క్రియ చివర్లో దాక్కుంటుంది. ప్రేమ కవితలు రాసేవాళ్ళు ఈ సౌకర్యాన్ని బాగా వాడుకుంటారు. కాబట్టి కవితలోని క్రియలన్నీ ఒక వరసలో రాసి, ఎదురుగా ఎవరు చేశారో రాయండి. తెలియకపోతే ప్రశ్న గుర్తు పెట్టండి.

కూచున్నది మనం. రాసుకున్నది నేను. కదిలింది బస్సు. చెప్పింది అమ్మ. మరి 'వెళ్ళిపోయింది'? నా క్లాసులో నలభైమంది ఉంటే దాదాపు అందరూ 'ఆ అమ్మాయి' అని రాశారు. కానీ చూడండి, మూడు వాక్యాల ముందు 'నీకు ఉత్తరం' అన్నారు. అంటే ఆ మనిషి ఈ కవితలో 'నువ్వు'. నువ్వు వెళ్ళిపోతే 'వెళ్ళిపోయావు' అవ్వాలి. 'వెళ్ళిపోయింది' అనాలంటే బస్సో, కిటికీ పక్కన చెయ్యో, ఆ రోజో కావాలి. మన భాషలో ఆడమనిషికీ, బస్సుకూ, కాలానికీ ఏకవచనంలో ఒకటే క్రియ: వచ్చింది, పోయింది. ఈ ఇరుకు వల్లనే ఇక్కడ మూడు సంగతులు ఒక మాటలో సర్దుకున్నాయి. ఇంకో సంగతి కూడా ఉంది. మనసు విరిగినప్పుడు ఎదుటి మనిషిని 'నువ్వు' అని పిలవలేక 'ఆవిడ', 'ఆయన' అనే దూరానికి నెట్టేయడం మన ఇళ్ళల్లో రోజూ చూసేదే. అలా తీసుకుంటే 'అమ్మాయి' అన్నవాళ్ళదీ పూర్తిగా తప్పు కాదు. అయితే 'నువ్వు' కాస్తా 'ఆమె' ఎందుకు అయిందో వాళ్ళు చెప్పాలి. చెప్పినవాళ్ళు ఇద్దరే.

ఇప్పుడు మొదటి పంక్తిలోని 'మనం'కూ, చివర్లోని 'మేము'కూ గీత కలపండి. ఎదుటి మనిషిని కలుపుకుంటే మనం, పక్కన పెడితే మేము. చిత్తూరు వైపు అరవం కూడా వచ్చిన పిల్లలకు ఇది చెప్పాల్సిన పనే లేదు, అక్కడా నామ్, నాంగళ్ అని రెండున్నాయి. హిందీ 'హమ్'లో ఈ తేడా కనబడదు. కోనేటి గట్టున 'మనం'గా మొదలైన మనిషి పన్నెండో పంక్తికి వచ్చేసరికి 'మేము' అయిపోయింది. ఈ కవితలో విడిపోవడం జరిగింది అక్కడ. బస్సు కదిలినప్పుడు అనుకుంటే పొరపాటు. ఏ విరహ కవిత చేతికొచ్చినా ముందు మనం, మేము, నేను ఎక్కడెక్కడ ఉన్నాయో గుండ్రంగా చుట్టండి. సగం కవిత తెరుచుకుంటుంది.

ఆ 'మేము' ఎవరన్నది వేరే ప్రశ్న. పెళ్ళయి ఇల్లూ పిల్లలూ అయ్యారా? లేక అమ్మా తనూనా? ఇంకో దారి కూడా ఉంది. పాత ఉత్తరాల్లో 'మేము ఇక్కడ క్షేమం' అని రాసేవాళ్ళం కదా. 'మేము బాగున్నాం' అన్నది పంపని ఆ ఉత్తరంలోని వాక్యమే అయితే, మనం ఉత్తరాన్ని దొంగచాటుగా చదువుతున్నట్టు.

క్రియల చివర తోకలను కూడా వదలకండి. 'రాశాను' అనొచ్చు, 'రాసుకున్నా' అన్నారు. కొను చేరితే ఆ పని తనకోసం. 'నీకు' అంటూనే 'రాసుకున్నా' అనడంలో చిన్న తగాదా ఉంది: ఉత్తరం పేరు నీది, అవసరం నాది. పంపకపోవడానికి వేరే కారణం వెతకనక్కర్లేదు. అలాగే 'వస్తుందట'. ఆ 'ట' పెట్టారంటే మాట మనది కాదు, ఎవరో అంటే విన్నది. కావాలంటే ఆ పంక్తిని 'జుట్టు మళ్ళీ వస్తుంది' అని మార్చి చదవండి. వెంటనే ధైర్యం వచ్చేస్తుంది. కవితలో ఆ ధైర్యం లేదు, అమ్మ దగ్గర అప్పు తెచ్చుకున్నదే ఉంది.

ఇదే పద్ధతిలో వేరే కవితల్లో లేదు, కాదు అన్నవి గమనించండి. 'నువ్వు లేవు' అంటే మనిషి ఎదురుగా లేదు. 'నువ్వు కావు' అంటే మనిషి ఎదురుగానే ఉండొచ్చు, మారిపోయింది. రెండూ వేర్వేరు దుఃఖాలు.

వస్తువును ముందు వస్తువుగా చూడండి

కవితలో పువ్వు కనబడగానే ప్రేమకు ప్రతీక అని రాసేయాలని చెయ్యి దురద పెడుతుంది. ఆగండి. అది ఏ పువ్వు, ఎప్పుడు పూస్తుంది, రాలితే ఎవరికి నష్టం, ఈ మూడూ తెలుసుకున్నాక అప్పుడు ప్రతీక సంగతి చూద్దాం.

మామిడి పూత మా వైపు సంక్రాంతికి అటూ ఇటూగా. చిత్తూరు తోటల్లో ఎక్కువ తోతాపురి, గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే కాయ. పూత అన్నాక రాలుతుంది. విరగబూసినా అందులో చాలా కొంచెమే పిందె కడుతుంది. అంటే పూత రాలని ఏడాది ఉండదు. అయినా ఒక ఏడాదికి 'పూత రాలిన ఏడాది' అని పేరు పెట్టారంటే, ఆ ఏడు తేనెమంచు పురుగో, బూడిద తెగులో, అకాల వానో వచ్చి తోట తోటంతా ఊడ్చుకుపోయి ఉండాలి. ఊరి పిల్లలు దీన్ని కవిత్వంగా చదవలేదు. 'అంటే ఆ సంవత్సరం ఇంట్లో డబ్బుల్లేవు సార్' అన్నాడు బంగారుపాళెం నుంచి వచ్చే కుర్రాడు. వాళ్ళింట్లో అక్క పెళ్ళి కాయ అమ్మిన తర్వాతే పెట్టుకున్నారట. ఆ ఒక్క మాటతో కవితకు కారణం దొరికే దారి కనబడింది. టౌను పిల్లలు 'ప్రేమ పూతలా రాలిపోయింది' అని రాసుకున్న చోట వీడికి పెళ్ళి ఎందుకు ఆగిందో కనబడింది. ప్రతీక ఎక్కడికీ పోలేదు, దాని కింద నేల చేరిందంతే.

బస్సు కూడా అంతే. తిరుపతి నుంచి చిత్తూరు సుమారు 70 కిలోమీటర్లు. 2022లో జిల్లాలు విడగొట్టేదాకా రెండూ ఒకే జిల్లా. పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రాగలిగిన దూరం. విమానమెక్కి పోయిన మనిషైతే దూరం మీద నెపం పెట్టొచ్చు. ఇక్కడ ఆ వీల్లేదు. అంత దగ్గరలో ఉండి కూడా ఉత్తరం రాసుకుని పెట్టుకోవడమే ఈ కవితలో నాకు నచ్చే సంగతి. (బస్సు పూతలపట్టు మీదుగా పోతుంది కాబట్టి కవితలో పూత, దారిలో పూత అని ఒకమ్మాయి రాసింది. తెలివైన మాటే. కానీ కవితలో ఆ ఊరి పేరు లేదు. లేనిదాన్ని తెచ్చి పొగడకండి.)

అతిగా చదవడం గురించి ఇక్కడే చెప్పాలి. గట్టున చెప్పుల జత అనగానే కొందరికి పేపర్లో చదివిన వార్తలు గుర్తొచ్చాయి. ఎవరో నీళ్ళలో దూకారని రాశారు. భయపడి కొట్టేయకండి, పరీక్ష పెట్టండి. మిగతా కవిత దీన్ని మోస్తుందా? 'ఎవరిదో' అన్నారు, ఆ గొంతులో కంగారు లేదు. ఎవరూ వెతకడం లేదు. తర్వాత 'మేము బాగున్నాం' వస్తుంది. మోయడం లేదు. గోవిందరాజస్వామి గుడి కోనేటి దగ్గర పావుగంట నిలబడితే మామూలు సంగతి కనబడుతుంది: చెప్పులు విడిచినవాళ్ళు మళ్ళీ వాటి కోసం వస్తారు. మనం కూచున్న చోటికి ఇంకెవరో తిరిగొస్తారు, మనం రాం. మొదటి రెండు పంక్తులకు ఇది చాలు.

'నేను' అంటే కవి అనుకోకండి

తిరుపతిలో ఉండి ఈ సంగతి మర్చిపోవడం విచిత్రం. అన్నమయ్య (1408-1503) సంకీర్తనలు రాగిరేకుల మీదికెక్కి తిరుమల గుడిలో భద్రపడ్డాయి. వాటిని అధ్యాత్మం, శృంగారం అని రెండుగా విడదీశారు. శృంగార సంకీర్తనల్లో అలమేలుమంగ అలుగుతుంది, ఎదురు చూస్తుంది, నిష్ఠూరమాడుతుంది. చాలాచోట్ల చెలికత్తెలు మాట్లాడతారు. రాసింది మగవాడు, గొంతు ఆడమనిషిది. అయిదువందల ఏళ్ళుగా మనకు అలవాటైన సంగతే. అయినా ఇవాళ ఎవరైనా 'నేను' అని కవిత రాస్తే, పాపం ఆయనకేమైందో అని ఆరా తీస్తాం.

నా కవితలో 'నేను' మగవాడని నేనే అనుకున్నాను. రాసింది నేను, మొక్కు తీర్చుకుని కొండ దిగిన కుర్రాడు కళ్ళ ముందున్నాడు. క్లాసులో అందరూ 'అతడు' అనే రాశారు. వెనక బెంచీలో ఒకమ్మాయి లేచి, 'సార్, ఇది అమ్మాయి చెబుతున్న కవిత' అంది. ఎలాగమ్మా అన్నాను. 'మా అన్నకు గుండు కొట్టించినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు సార్. నాకు కొట్టించినప్పుడు మా అమ్మ నెల రోజులు అదే చెప్పింది, జుట్టు మళ్ళీ వస్తుందిలే అని. మగపిల్లోడికి ఆ మాట ఎవురు చెప్తారు?'

నాకు నోట మాట రాలేదు. కవిత తీసి మళ్ళీ చదివాను. రాసుకున్నా, వచ్చినా: నేను అన్న చోట తెలుగు క్రియలో ఆడామగా తేడా ఉండదు. నేను మగవాణ్ణి పెట్టానని నమ్మిన చోట కవితలో ఏమీ లేదు. ఆధారం ఉన్నది ఒక్క పంక్తిలోనే, అది ఆ అమ్మాయి వైపు ఉంది. 'నేను' అమ్మాయి, 'నువ్వు' అబ్బాయి అనుకుంటే 'వెళ్ళిపోయింది' మనిషి కావడానికి వీల్లేదు, బస్సో చెయ్యో అయి తీరాలి. ఒక మూల కదిలిస్తే ఇంకో మూల తనంతట తాను సర్దుకుంది. మీ అర్థం సరైన దారిలో ఉందనడానికి ఇంతకంటే మంచి గుర్తు నాకు తెలియదు. కవి ఏమనుకున్నాడో కవినడిగి తెలుసుకోవచ్చుగా అంటారేమో. అడిగితే నేను తప్పు చెప్పేవాణ్ణి.

మళ్ళీ కలిసే ఆశ ఉందా లేదా

పాత శాస్త్రం మీద ఎంత విసుగున్నా ఒక పనిముట్టు మాత్రం జేబులో వేసుకోండి. భరతుడి నాట్యశాస్త్రంలో కరుణకూ (శోకం నుంచి పుట్టే రసం) విప్రలంభానికీ (ఎడబాటులోని శృంగారం) తేడా చెబుతూ మొదటిది నిరపేక్షం, రెండోది సాపేక్షం అన్నారు. ఎదురు చూపు మిగిలి ఉంటే అది విరహం, శృంగారంలో భాగం. ఎదురు చూడటానికి ఏమీ మిగలకపోతే అది శోకం. తర్వాతివాళ్ళు విప్రలంభాన్ని పూర్వరాగం, మానం, ప్రవాసం, కరుణం అని నాలుగు చేశారు. ఆ పేర్లు పరీక్షకు ఉపయోగం. కవిత చదవడానికి మొదటి ప్రశ్న ఒక్కటి చాలు: ఈ గొంతు ఇంకా గుమ్మం వైపు చూస్తోందా?

మా కవితలో ఆ సంగతి చివరి మాట చేతిలో ఉంది. ఆ మాట దగ్గర క్లాసు మూడు ముక్కలైంది.

గుంటూరు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అమ్మాయి జిరాక్సు కాగితం వెనక్కి తిప్పి చూసింది. 'సార్, రెండో పేజీ నాకు రాలేదు' అంది. ఆమె చెవికి 'వచ్చినా' అంటే 'వచ్చినప్పటికీ'. తర్వాత ఏదో రావాలి: ఈసారి పూతకు నువ్వు వచ్చినా ఏం లాభం, అలాంటిది. ఆశ తెగిపోయింది.

పలమనేరు కుర్రాడు నవ్వాడు. 'అయిపోయింది కదా మేడమ్. వచ్చినా అంటే వచ్చినా. యాడికి? ఆ గట్టుకే.' మా సీమ మాటలో 'నేను వచ్చినా' అంటే నేను వచ్చాను, అంతే. వాడి లెక్కలో మనిషి మళ్ళీ కోనేటి గట్టుకు వచ్చి, ఎవరివో చెప్పులు చూసుకుంటూ నిలబడి ఉంది. మొదటి పంక్తిలోని 'ఇప్పుడు' అదే. చివర నుంచి మొదటికి కవిత చుట్టు తిరిగి కలిసింది. ఆశ ఉంది, కనీసం కాళ్ళకైనా ఉంది.

బంగారుపాళెం వాడు ఇద్దరినీ కాదన్నాడు. 'పూతకు వచ్చేది మనిషి కాదు సార్, చెట్టు.' నిజమే, చెట్టు పూతకు వచ్చింది అంటాం. ఈసారి తోట పూతకు వచ్చినా, ఇంట్లో డబ్బు ఉన్నా, ఆ పెళ్ళి ఇంక జరగదు. ఆ ఏడు లేనిది ఈ ఏడు ఉంది, ఏడాది తిరిగిపోయింది. ఇది నేను రాసేటప్పుడు నా బుర్రలో లేనే లేదు.

ఇక రాయడం. మూడూ రాయండి, కానీ మూడూ సమానమని చేతులు ఎత్తేయకండి. ఒకటి ఎంచుకుని, కవితలో ఏ మాట వల్ల ఎంచుకున్నారో చూపించండి. మాటను ఎత్తి రాయడం, అది చేసే పని చెప్పడం, దానివల్ల ఇంకెక్కడ ఏం మారిందో చూపించడం, ప్రతి పేరాలో ఈ మూడూ ఉండాలి. వేదన, ఆర్తి, హృద్యం, ఆవిష్కరణ: ఈ నాలుగు మాటలూ వాడకుండా రాయాలని షరతు పెట్టుకోండి. మొదట్లో ఊపిరాడదు.

గుంటూరు అమ్మాయి మళ్ళీ రాసిచ్చిన జవాబులో ఒక ముక్క ఇది: 'చివర చుక్క లేదు. నా యాసలో చదివితే వాక్యం పూర్తి కాలేదు, ఇక్కడి యాసలో చదివితే పూర్తయింది. చెబుతున్న మనిషి ఇక్కడి మనిషే కాబట్టి వచ్చిందనే నమ్ముతాను. కానీ చుక్క పెట్టలేదు కాబట్టి, వచ్చాక ఏం చేయాలో ఆమెకూ తెలియదు.'

పదికి ఎనిమిది వేశాను. రెండు తగ్గించింది ఎందుకంటే, చెప్పుల జత గురించి ఒక్క మాటా రాయలేదు.